ఆ దొంగకి నడుం పట్టేయాలి

మా బావ పళ్ల డాక్టరు. కథలు కూడా చెబుతాడు. ఈ రెండు పనులూ ఆయన విడివిడిగా చేయలేడు. వచ్చిన చిక్కంతా అక్కడే.

కాగితం ముందు కూర్చోబెట్టి ఆయన చేత ఒక్క వాక్యం రాయించండి చూద్దాం. పెన్ను మూత తీస్తాడు, పెడతాడు, మళ్లీ తీస్తాడు, కాసేపటికి కాగితం మీద ఒక దవడ బొమ్మ తేలుతుంది. అదే ఒక మనిషి కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరిచి, పైన లైటు వెలిగి, చేతిలో డ్రిల్లు గుయ్‌మంటే చాలు, మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేస్తాయి. నేను పక్కనే నిలబడి పేషెంటు నోట్లో ఊరే నీళ్లు పీల్చే గొట్టం పట్టుకుంటాను. అంటే బావ కథలన్నీ విన్న మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. పేషెంట్లయినా మారుతుంటారు, నాకు ఆ అదృష్టం కూడా లేదు.

ఆయన శ్రోతల గురించి ఒక మాట చెప్పాలి. వాళ్లు అడ్డు తగలలేరు. ఈ కథ విన్నామని అనలేరు. లేచి పోలేరు. ఇలాంటి శ్రోతలు దొరికితే నేనూ పెద్ద రచయిత్రిని అయిపోయేదాన్నని ఒకసారి అన్నాను. ముందు గొట్టం సరిగ్గా పట్టుకోమన్నాడు.

కథ ఎంత పొడుగుండాలో పన్నే చెబుతుంది. పంటి పని అయిపోతే కథ అయిపోయినట్టే. చిన్న పుచ్చు పూడిస్తే చిన్న కథ. రూట్ కెనాల్ అయితే సీరియల్ నవల. తరువాయి భాగం కోసం పేషెంట్లు పిలవకుండానే టంచనుగా వచ్చేవారు. పన్ను పీకడమంటే జోకు. ఒక్కోసారి పన్ను అనుకున్నదానికన్నా తేలిగ్గా ఊడి వచ్చి జోకు సగంలో ఆగిపోయేది. అప్పుడు పేషెంటు ముఖం కన్నా బావ ముఖమే ఎక్కువ వాడిపోయేది.

మా అక్క, అంటే బావ భార్య, ముందు గదిలో కూర్చుని ఎవరు ఎప్పుడు రావాలో చూసుకుంటుంది. ఆమెకు డ్రిల్లు చప్పుడంటే చచ్చేంత భయం. పళ్ల డాక్టర్ని కట్టుకున్న మనిషికి ఇదేం భయమని మీరు మాత్రం అడగొద్దు, మేం అడిగి తిట్లు తిన్నాం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె లోపలి గది గడప తొక్కలేదు. మధ్య తలుపు బిగించి, చెవుల్లో దూది కుక్కుకుని కూర్చుంటుంది. వచ్చినవాళ్లు పంటినొప్పితోనే ఆమెకు వినబడేలా పేరు అరిచి చెప్పుకోవాలి.

అందువల్ల బావ కథ చెబుతుంటే అక్క ఎన్నడూ వినలేదు. నేను ఫోన్లో రికార్డు చేసి ఇస్తే, ఇంటికి తీసుకెళ్లి, డ్రిల్లు మోగినప్పుడల్లా ఫోను చేయి చాచినంత దూరం పెట్టుకుంటూ, అందిన మాటలు మాత్రం పట్టుకుని టైపు చేస్తుంది. మధ్యమధ్య వచ్చే "నోరు ఇంకా తెరవండి", "నాలుక పక్కకి", "ఉమ్మేయండి" లాంటివి బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరేస్తుంది. అలా టైపయిన కథని బావ తిరిగి చదవడు. చెప్పేశాక చదవడం దేనికంటాడు. ఆ అలవాటే కొంప ముంచింది.

మా వీధి చివర లైబ్రరీలో నెలకోసారి సొంత కథల సాయంత్రం జరుగుతుంది. దానికి కార్యదర్శి స్క్వాడ్ మాస్టారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పరీక్షల స్క్వాడ్‌లో తిరిగి కాపీలు పట్టిన మనిషి. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన చూపు రిటైరవలేదు. ఇప్పటికీ కుర్చీల వరసల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తారు. ఆయన పక్కకి వచ్చి ఆగితే ఏ పాపం ఎరగనివాళ్లు కూడా జేబులు తడుముకుంటారు.

ఏఐ వచ్చాక ఆయనకు మళ్లీ చేతినిండా పని దొరికింది. ఒక సాయంత్రం ఒకాయన విరహం మీద కవిత చదివాడు. చివర్లో "ఇంకేమైనా మార్పులు కావాలంటే చెప్పండి" అని ఉంది. ఆ వాక్యాన్ని కూడా ఆయన గొంతు వణికించి చదివాడు, కొందరు చప్పట్లు కూడా కొట్టారు. మాస్టారు మాత్రం కొట్టలేదు. మర్నాటికల్లా కొత్త నియమాలు గోడకెక్కాయి. ప్రతి రచయితా లేచి నిలబడి, ఇది ముక్కముక్కా నా సొంతమని అందరి ముందూ ప్రమాణం చేయాలి. గొంతు వణికించి మోసం చేయకుండా, కథని మాస్టారే చదువుతారు.

బావ కథ ఒక్కసారైనా అక్కడ చదివించుకోవాలని ఎన్నాళ్లనుంచో ఆశపడుతున్నాడు. పైకి అనేవాడు కాదు గానీ నాకు తెలుసు. నోటినిండా దూది ఉన్నవాళ్లకి ఆయన కథ నచ్చుతుంది. నోరు ఖాళీగా ఉన్నవాళ్లకి నచ్చుతుందా? అదొక్కటి తేల్చుకుంటే చాలనుకున్నాడు. ఆయనకున్న కోరికల్లో నాకు నచ్చింది ఇదొక్కటే, మిగతావన్నీ కొత్త పరికరాల మీదే.

చివరికి అవకాశం వచ్చింది. బావ ఒక దొంగ గురించి తను చెప్పిన కథ ఎంచుకున్నాడు. అక్క టైపు చేసి పంపింది. ఆ సాయంత్రం బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని, ముక్కముక్కా నాదేనని ప్రమాణం చేసి కూర్చున్నాడు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టారు.

"నిశ్శబ్దం ఆ ఇంటిని దుప్పటిలా కప్పేసింది. అతను దొంగ కాదు, ఒక అన్వేషి. ఆ బీరువాలో ఉన్నవి వస్తువులు కావు, జ్ఞాపకాలు."

నా చేతిలో గొట్టం లేదు గానీ ఉంటే జారిపోయేదే. ఆ కథ బావ చెబుతున్నప్పుడు పక్కనున్నదాన్ని నేనే. నిశ్శబ్దం ఎక్కడిది? ఆ ఇంట్లో మొగుడూ పెళ్లామూ కప్పు ఎగిరిపోయేలా అరుచుకుంటున్నారు. నేను అక్క వంక చూశాను. అక్క తన సంచి జిప్పు ఎంత బాగా కదులుతుందో పరీక్షిస్తోంది.

మాస్టారు చదువుతూనే ఉన్నారు. బీరువా తలుపు తెరుచుకుంది, ఏవో పూలు పరిమళించాయి, దొంగ కంట్లో ఒక చుక్క మెరిసింది. "ఆ రోజు అతను ఏమీ దొంగిలించలేదు. తనని తాను కనుగొన్నాడు. ఎందుకంటే జీవితం గమ్యం కాదు, ఒక అందమైన ప్రయాణం." చదవడం అయిపోయాక మాస్టారు కాగితం మడిచి, బావ కుర్చీ పక్కకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని ఆగారు.

బావ లేచాడు. ఆయన్ని అంత అయోమయంగా నేనెప్పుడూ చూడలేదు, జ్ఞానదంతం తిరగబడి మొలిచినా అలా చూడడు.

"ఇది నా కథ కాదండీ. మా దొంగకి నడుం పట్టేసింది. వీడికి పట్టలేదు," అన్నాడు. కాస్త ఆగి, "తప్పు నాదే. చదవకుండా పంపాను," అన్నాడు.

ఎవరు టైపు చేశారో, ఎవరు పంపారో ఒక్క ముక్క చెప్పలేదు. మాస్టారు ఉద్యోగంలో అంత త్వరగా ఎవరూ ఒప్పుకుని ఉండరు. ఆయనకి ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ బావ జేబు వంక చూసి, వెళ్లి కూర్చున్నారు.

ఇంటికి వచ్చాక అక్క నన్ను పక్కకి లాక్కెళ్లి చెప్పింది. దొంగ కథ రికార్డయిన రోజు పేషెంటు దగ్గుల మనిషి, కథ కన్నా "ఉమ్మేయండి"లే ఎక్కువ ఉన్నాయి. ఏరలేక విసుగొచ్చి, డాక్టరు మాటలు తీసేసి శుభ్రం చెయ్యమని ఫోన్లో ఏఐకి ఇచ్చింది. అది శుభ్రం చేసింది. ఎంత శుభ్రం చేసిందంటే దొంగ కూడా మిగల్లేదు. వచ్చింది చదివితే అక్కకి బాగానే అనిపించిందట, పుస్తకాల్లో ఉన్నట్టే ఉందట. పైగా ఈయన చెప్పినట్టే పంపితే జనం నవ్వుతారేమోనని భయమేసిందట. నవ్వడానికే కదే ఆ కథ, అని నేను నెత్తి బాదుకున్నాను.

ఆ రాత్రి అక్క బావకీ ఇదంతా చెప్పేసింది, ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు క్లినిక్కులో కుర్చీ వాల్చాడు, లైటు వేశాడు, డ్రిల్లు తీశాడు, పని చేశాడు, అంతే. కథ లేదు. ఆ గదిలో డ్రిల్లు చప్పుడు ఎంత ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. పేషెంట్లు కుర్చీ చేతుల్ని పీకేసేలా పట్టుకున్నారు. నవల మధ్యలో ఉన్న ఒక రూట్ కెనాల్ పెద్దావిడ, కథానాయిక రైలెక్కిందో లేదో చెప్పకపోతే నోరు తెరవనని పళ్లు బిగించి కూర్చుంది.

ఎందుకు మానేశావని నేనే గట్టిగా అడిగాను. బావ చేతులు కడుక్కుంటూ నా వైపు తిరగకుండానే చెప్పాడు.

"మీ అక్కకి అదే బాగుందనిపించింది కదా. ఇంట్లో మనిషికే నచ్చనిది ఊళ్లో ఎవరికి నచ్చుతుంది?"

అదీ సంగతి. జనం ముందు పరువు పోయినందుకు కాదు ఆయన బాధ. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది. ఒకరు సరిగ్గా వినకుండా పంపేస్తారు, ఒకరు చదవకుండా ప్రమాణం చేస్తారు, మధ్యలో గొట్టం పట్టుకుని నేను.

అలా కొన్నాళ్లు గడిచాక స్క్వాడ్ మాస్టారు వచ్చారు. దవడ పట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి, ముందు గదిలో అక్క చెవుల్లో దూదికి వినబడేలా తన పేరు రెండుసార్లు అరిచి, లోపలికి వచ్చారు. తన ముందు కాపీతో దొరికినవాడి చేతికే నోరు అప్పగించాల్సి వచ్చిందని ఆయన ముఖం మీద స్పష్టంగా రాసి ఉంది. బావ మర్యాదగా కూర్చోబెట్టాడు. లోపలి పన్ను బాగా పుచ్చింది. మత్తు ఇచ్చి పని మొదలుపెట్టాడు.

పరీక్ష హాళ్లలో జీవితమంతా నిశ్శబ్దం నిశ్శబ్దం అని అరిచిన మనిషికి ఆ రోజు నిశ్శబ్దం అంటే ఏమిటో తెలిసింది. కాళ్లు బిగుసుకున్నాయి, కళ్లు లైటు వంక చూస్తూ పెద్దవయ్యాయి. కాసేపటికి ఎడమ చెయ్యి పైకెత్తారు. నొప్పెడితే చెయ్యి ఎత్తమని మేం అందరికీ చెబుతాం. బావ డ్రిల్లు ఆపి నొప్పా అని అడిగాడు. కాదని తల ఊపారు.

"ఆ ఒంగకి అఉం ఎంఉకు అట్టేహింఇ?" అన్నారు.

నోరు తెరిచి మాట్లాడే భాష నాకు కొట్టినపిండి. దొంగకి నడుం ఎందుకు పట్టేసిందని అడుగుతున్నారని బావకి చెప్పాను. మాస్టారు అవునన్నట్టు గట్టిగా తల ఊపారు. పాపం ఆ రోజు నుంచీ అదే ఆలోచిస్తున్నట్టున్నారు.

బావ కథలు మానేశానన్నాడు. మాస్టారు చెయ్యి దించలేదు. చెయ్యి దించకపోతే డ్రిల్లు వేయకూడదు, అది మా నియమం. నియమాల విషయంలో ఆయనతో ఎవరు గెలుస్తారు? బావ మూసి ఉన్న మధ్య తలుపు వంక ఒకసారి చూసి, నిట్టూర్చి, డ్రిల్లు ఆన్ చేశాడు. నేను ఫోను ఆన్ చేశాను.

"ఆ వీధిలో ఒక దొంగ ఉండేవాడండీ, వాడికి మధ్యాహ్నంపూటే ధైర్యం. నోరు ఇంకా తెరవండి. ఒక ఇంటి తలుపు తీసే ఉందని లోపలికి వెళ్లాడు. లోపల మొగుడూ పెళ్లామూ బీరువా ఏ గోడకి పెట్టాలని పోట్లాడుకుంటున్నారు. వీణ్ణి చూసి ఆవిడ, బీరువా జరపడానికి మొగుడు పిలిచిన మనిషనుకుంది. మొగుడేమో పెళ్లాం పిలిచిందనుకున్నాడు. నాలుక పక్కకి. ఇద్దరూ కలిసి వీణ్ణే తిట్టారు, ఇంత ఆలస్యంగానా వచ్చేది అని."

మాస్టారి పొట్ట ఒకసారి ఎగిరింది. కదలొద్దన్నాడు బావ. గొంతులో పాత ఊపు వచ్చేసింది. దొంగ బీరువాని కిటికీ పక్కకి జరిపాడు. అక్కడ ఎండ పడుతుందని ఆవిడ ఒప్పుకోలేదు. తలుపు పక్కకి జరిపాడు. తలుపు తెరుచుకోవడం లేదని ఆయన ఒప్పుకోలేదు. తిరిగితిరిగి బీరువా మొదట ఉన్న చోటికే వచ్చింది, అప్పుడు ఇద్దరూ ఏకగ్రీవంగా బాగుందన్నారు, సరిగ్గా అప్పుడే దొంగకి నడుం పట్టేసింది. "ఉమ్మేయండి. వాణ్ణి బోర్లా పడుకోబెట్టి మందు రాశారండీ. కుడివైపు రాయాలని ఆవిడ, ఎడమవైపని ఆయన, మళ్లీ గొడవ."

మాస్టారు నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారుతున్నారు, నేను ఒక చేత్తో గొట్టం, ఒక చేత్తో మాస్టారి భుజం పట్టుకున్నాను. అప్పుడు మధ్య తలుపు తెరుచుకుంది.

అక్క గడప లోపల నిలబడి ఉంది. మాస్టారి వింత కేకలు దూదిలోంచి కూడా వినబడి, మనిషికి ఏదో అయిపోయిందని పరిగెత్తుకొచ్చిందట. డ్రిల్లు మోగుతూనే ఉంది. అక్క ముఖం పాలిపోయింది, అయినా వెనక్కి పోలేదు. ఒక చెవిలో దూది తీసింది. రెండో చెవిలోదీ తీసింది. బావ ఆమెని చూడలేదు, ఆయన పంటి పనిలో ఉన్నాడు.

"వెళ్లేటప్పుడు ఆవిడ అంది, రేపు మంచం జరపాలి, పొద్దున్నే వచ్చెయ్ అని. వాడు నిజంగానే వచ్చాడండీ. అంతే, పళ్లు కలిపి కొరకండి. ఎత్తుగా ఉందా?"

ఎత్తుగా లేదు. పన్ను అయిపోయింది కాబట్టి కథ అయిపోయింది. దొంగ మళ్లీ ఎందుకొచ్చాడని మాస్టారు అడిగారు. పన్ను అయిపోయిందండీ అన్నాడు బావ. ఇటువైపు కూడా ఒకటి సలుపుతున్నట్టుంది చూడండి అన్నారు మాస్టారు. బావ చూశాడు. అటువైపు పళ్లన్నీ గుండ్రాళ్లలా ఉన్నాయి. మాస్టారు చాలా నిరాశగా లేచి వెళ్లారు.

అప్పుడు బావ తల తిప్పి అక్కని చూశాడు. ఇద్దరూ మాట్లాడరేమోనని నాకు భయమేసింది.

"మీరు ఇలా చెబుతారని నాకేం తెలుసండీ," అంది అక్క. "నేనెప్పుడూ ఎదురుగా వినలేదుగా. ఫోన్లో నాకు డ్రిల్లే వినబడేది."

తర్వాతి సొంత కథల సాయంత్రానికి అక్క ఒక్క మాట ఏరకుండా టైపు చేసింది. బావ ముందుగా చదివాడు, జీవితంలో మొదటిసారి, తన కథకి తనే రెండుచోట్ల నవ్వాడు. నియమం ప్రకారం లేచి ప్రమాణం చేశాడు. ఈసారి అక్క కూడా లేచి, టైపు నాదేనని ప్రమాణం చేసింది, ఆమెని ఎవరూ అడగలేదు. మాస్టారు చదివారు. "నోరు ఇంకా తెరవండి" అని ఆయన పరీక్ష హాలు గొంతుతో అనగానే హాల్లో సగం మంది నోళ్లు తెరిచారు. వాళ్లంతా మా పేషెంట్లే. "ఉమ్మేయండి" దగ్గర ముందు వరసలో ఒకాయన లేచి నిలబడి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి కూర్చున్నాడు. జనం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నోరు ఖాళీగా ఉన్నవాళ్లే ఎక్కువ నవ్వారు, నేను లెక్క చూశాను. కథ అయ్యాక దొంగ మళ్లీ ఎందుకొచ్చాడని రెండు వర్గాలుగా విడిపోయి వాదించుకున్నారు. బావ ముఖం వెలిగిపోతోంది.

మర్నాడు పొద్దున పేషెంట్లింకా రాలేదు. నేను ట్రే సర్దుతున్నాను. అక్క లోపలికి వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీ ఎక్కి వెల్లకిలా పడుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. నోరు తెరిచింది.

బావ కంగారుగా లైటు వేసి ఒక్కొక్క పన్నూ చూశాడు. ఏమీ లేదు, అన్నీ చక్కగా ఉన్నాయన్నాడు. అక్క నోరు మూయలేదు.

"ఆ ఒంగ అళ్లీ ఎంఉకొచ్చాఉ?" అంది.

నేను చెప్పాల్సిన పని లేకపోయింది, బావకి అర్థమైంది. డ్రిల్లు చేతిలోకి తీసుకుని, అక్క నోటికి దూరంగా గాల్లో పట్టుకుని, ఆన్ చేశాడు. అక్క ఒక్కసారి ఉలిక్కిపడి ఆయన కోటు అంచు పట్టుకుంది.

"ఇంతవరకు వాణ్ణి ఏ ఇంట్లోనూ మళ్లీ రమ్మనలేదు," అన్నాడు బావ. "అందుకొచ్చాడు. రాగానే ఆవిడ మంచం చూపించింది..."

నేను గొట్టం పట్టుకుని నిలబడ్డాను. పీల్చడానికి ఏమీ లేదు, అక్క చెంపల మీదుగా కారుతున్న కన్నీళ్లు తప్ప, అవి నా పరిధిలోకి రావు. పన్ను అయిపోతే కథ అయిపోవాలి. అక్క పంటికి ఏమీ కాలేదు కాబట్టి ఆ కథ ఎక్కడ ఆపాలో బావకి తెలియలేదు. ముందు గదిలో పేషెంట్లు వచ్చి పేర్లు అరుస్తూనే ఉన్నారు.